మనకు బెర్తు చింత, అక్కడ ధర చింత: ఐరోపా రైలు టిక్కెట్లతో నా అనుభవం

ముప్పై రెండేళ్లు కావలి చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. మద్రాసుకైనా, బెజవాడకైనా, పిల్లల పెళ్లిళ్లకు బంధువర్గమంతటికైనా టిక్కెట్లు తీసే పని మా ఇంట్లో మొదటి నుంచీ నాదే. 2025 మే నెలలో మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరికి నేనూ, మా ఆవిడా ఆరు వారాలు ఉండేలా వెళ్లడానికి ఏర్పాటయింది. అక్కడి నుంచి ఇటలీ కూడా చూసి రావాలనుకున్నాం. అబ్బాయికి సెలవు కుదరలేదు. “టిక్కెట్లన్నీ నేను ఇక్కడ నుంచి తీసి పంపిస్తాను నాన్నా, మీరు ఎక్కి కూర్చుంటే చాలు” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఊరు కాని ఊళ్లో ఇద్దరమే తిరగాలన్నప్పుడు, చేతిలో ఉన్న టిక్కెట్టు ఏ షరతులతో వచ్చిందో తెలియకపోతే చిన్న ఇబ్బంది వచ్చినా దిక్కు తోచదని నా భయం. అందుకని జనవరి నుంచే ఆ పని మీద కూర్చున్నాను.

మొదటి వారమంతా నాకు ఒక్క విషయం అర్థం కావడానికే సరిపోయింది. మన రైళ్లలో ఛార్జీ దూరాన్ని బట్టి, తరగతిని బట్టి ముందే ఖాయమై ఉంటుంది. తత్కాల్‌నూ, రాజధాని వంటి కొన్ని బండ్లనూ మినహాయిస్తే, కావలి నుంచి చెన్నైకి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో 60 రోజుల ముందు తీసినా, రెండు రోజుల ముందు తీసినా డబ్బులో తేడా ఉండదు. సీటు దొరుకుతుందా, వెయిటింగ్ లిస్టులో ఎన్నో అంకె వస్తుందన్నదే మన చింత. జర్మనీలో వ్యవహారం దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ వెయిటింగ్ లిస్టు అనే మాటే లేదు. బండి కదిలే ముందు కూడా టిక్కెట్టు కొనుక్కుని ఎక్కవచ్చు. అయితే ధర మాత్రం మన కోసం ఆగదు. ప్రతి బండికీ చౌక ధరకు కొన్ని టిక్కెట్లు కేటాయిస్తారు, అవి అమ్ముడుపోగానే పై మెట్టు ధర మొదలవుతుంది. ఒకే పెట్టెలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు 30 యూరోలూ, మరొకరు 100 యూరోలకు పైగా చెల్లించి ఉండవచ్చు. నలభై ఏళ్లుగా బెర్తు కోసం తొందరపడటమే తెలిసిన నేను, ధర కోసం తొందరపడటం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.

జర్మన్ రైల్వే సంస్థ డాయిచె బాన్ దూరప్రయాణాలకు ప్రధానంగా మూడు రకాల టిక్కెట్లు అమ్ముతుంది. ఫ్లెక్స్‌ప్రైస్ అన్నిటికన్నా ఖరీదైనది, దానితో ఆ రోజు ఆ దారిలో వెళ్లే ఏ బండి అయినా ఎక్కవచ్చు. స్పార్‌ప్రైస్‌లో మనం ఎంచుకున్న బండికే కట్టుబడి ఉండాలి. ప్రయాణ తేదీకి ముందే మనసు మార్చుకుంటే 10 యూరోలు తగ్గించుకుని రద్దు చేయనిస్తారు. సూపర్ స్పార్‌ప్రైస్ అన్నిటిలోకీ చౌక. దానికీ ఎంచుకున్న బండే గతి, పైగా రద్దు చేసుకుంటే పైసా రాదు. రెండో తరగతిలో అయితే ఈ మూడిటిలో దేనిలోనూ సీటు చేరి ఉండదు. సీటు కావాలంటే మనిషికి ఐదు యూరోలకు కాస్త పైన విడిగా కట్టి రిజర్వు చేసుకోవాలి, లేకపోతే ఎవరూ రిజర్వు చేయని సీట్లో కూర్చోవాలి. ఈ సంగతి చెప్పినప్పుడు మా ఆవిడ నమ్మలేదు. “ఏందండీ ఇది, అంత డబ్బు పోసి కొన్న టిక్కెట్టుకు సీటు ఉండదా? మీరు సరిగ్గా చదివినారా?” అని నన్నే రెండుసార్లు అడిగింది. మా వయసులో రెండు మూడు గంటలు నిలబడి ప్రయాణం చేయలేము కాబట్టి, పొడవైన ప్రయాణాలన్నిటికీ ఆ ఐదు యూరోలు కట్టాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. డబ్బు మిగల్చవలసిన చోటు అది కాదని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఇక వీసా. చెన్నై వెళ్లి వేలిముద్రలు ఇచ్చి, పాస్‌పోర్టులు అప్పగించి వచ్చాం. వీసా చేతికి రాకుండా వాపసు లేని టిక్కెట్లు కొనడం తెలివైన పని కాదు. అలాగని వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చుంటే చౌక టిక్కెట్లు కరిగిపోతాయి. ఈ మధ్య రోజుల్లో నేను చేసిన పని ఒక్కటే. రెండు వందల పేజీల నోటుపుస్తకంలో గళ్లు గీసుకుని, ప్రతి ఉదయం కాఫీ తాగాక మేము ఎక్కదలచిన బండ్ల ధరలు రాసుకునేవాడిని. ఎడమ గడిలో ఆ రోజు తేదీ, పక్కన బండి బయలుదేరే సమయం, దాని పక్కన ఇద్దరికి కలిపి ధర. మూడు వారాలు రాసేసరికి కొన్ని విషయాలు వాటంతట అవే కనిపించాయి. శుక్రవారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం బయలుదేరే బండ్ల ధర ముందుగా పెరిగింది. మంగళ, బుధవారాల్లో పట్టపగలు వెళ్లే బండ్ల ధర చాలా రోజులు కదలలేదు. పొద్దున్నే ఆరింటికి వెళ్లే బండి, పదింటికి వెళ్లే బండి కన్నా చౌక. ధర అంటే ఎప్పుడూ పైకే పోతుందని అనుకున్నాను, కానీ ఒకటి రెండు బండ్లకు కొద్దిగా దిగింది కూడా. వీసా గురించి నిశ్చయం లేదు గనుక, మరీ ఆగలేమనుకున్న ఒక్క ప్రయాణానికి మాత్రం రద్దుకు వీలున్న స్పార్‌ప్రైస్ తీయడానికి సిద్ధమయ్యాను. వీసా రాకపోయినా టిక్కెట్టు మొత్తం వృథా కాదు.

తీరా కొనబోయేసరికి డబ్బు చెల్లించే దగ్గర ఆగిపోయింది. కార్డు నంబరు ఇచ్చాను, కొంతసేపు తెర మీద చక్రం తిరిగింది, చెల్లింపు విఫలమైందని వచ్చింది. మూడుసార్లు ప్రయత్నించినా అదే ఫలితం. మర్నాడు బ్యాంకుకు వెళ్లి అడిగితే తెలిసింది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు దేశం లోపలి లావాదేవీలకే పనిచేస్తాయి, విదేశీ చెల్లింపులు కావాలంటే ఖాతాదారే ఆ మీట నొక్కి తెరుచుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలోకి వెళ్లి, విదేశీ లావాదేవీలు అన్న చోట మీట నొక్కి, రోజుకు పరిమితి ఎంతో రాస్తే నిమిషంలో అయిపోయింది. కానీ ఈలోగా ఆ బండి ధర మనిషికి 10 యూరోలు పెరిగింది. యూరో అప్పట్లో 90 రూపాయలకు అటూ ఇటూగా ఉంది, కాబట్టి ఇద్దరికీ కలిపి 1,800 రూపాయలు ఆ ఒక్క మీట ఖరీదు. దీనికి తోడు విదేశీ కరెన్సీలో చెల్లిస్తే చాలా బ్యాంకులు రెండు నుంచి మూడున్నర శాతం దాకా అదనంగా వేసుకుంటాయి. కొన్ని సైట్లు “రూపాయల్లో చెల్లిస్తారా?” అని ఆశ చూపుతాయి, అక్కడ వాళ్లు కట్టే మారకపు రేటు సాధారణంగా ఇంకా నష్టం. యూరోల్లోనే చెల్లించడం మేలు. ఓటీపీ మన నంబరుకే వస్తుంది గనుక, విదేశానికి వెళ్లాక కొనవలసి వస్తే ఆ సిమ్ము పనిచేస్తూ ఉండాలి. మా ఆవిడ ఫోనులో మన సిమ్ముకు రోమింగు పెట్టించి ఉంచాం, అది రెండుసార్లు ఆదుకుంది.

ఇంటిపేరు గొడవ మనవాళ్లందరికీ వచ్చేదే. అక్కడి ఫారాల్లో ముందు పేరు, ఇంటిపేరు అని రెండు గడులు తప్పనిసరిగా నింపాలి. మన పాస్‌పోర్టుల్లో ఒకరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, మరొకరికి పేరు మొత్తం ఒకే గడిలో ఉంటుంది. టిక్కెట్టు తనిఖీ చేసేవారు పేరును పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు కాబట్టి, అందులో ఉన్న అక్షరాలే, అదే వరుసలో టిక్కెట్టు మీద ఉండేలా చూసుకున్నాను. ఊళ్ల పేర్లు కూడా అంతే. మనం వెనిస్ అనేది వాళ్లకు వెనెత్సియా, మన ఫ్లారెన్స్ వాళ్లకు ఫిరెంజె. ఒక్కో ఊళ్లో స్టేషన్లు రెండు మూడు. వెనిస్‌లో దీవి మీద ఉన్నది శాంత లూచియా, సముద్రానికి ఇవతలి గట్టున ఉన్నది మెస్త్రె. మద్రాసులో సెంట్రల్‌కు పోవలసినవాడు ఎగ్మోరులో దిగితే ఎంత అవస్థో నెల్లూరు జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

మార్చి మొదట్లో వీసాలు వచ్చాయి. ఆ ఉత్సాహంలోనే నేను ఈ ప్రయాణం మొత్తంలోకీ పెద్ద పొరపాటు చేశాను. ఫ్రాంక్‌ఫర్టు విమానాశ్రయంలోనే రైల్వే స్టేషను ఉంది, అక్కడి నుంచి మ్యూనిక్‌కు మూడున్నర గంటల ప్రయాణం. మా విమానం దిగే సమయానికి రెండున్నర గంటల తరువాత బయలుదేరే బండికి సూపర్ స్పార్‌ప్రైస్ మనిషికి 28 యూరోలకు కనిపించింది. ఎంత చౌక అనుకుని రెండు కొనేశాను. తీరా ఆ రోజు, మధ్యలో మారవలసిన చోట మా విమానం ఆలస్యమై, మూడు గంటలు వెనకబడి దిగాం. బండి ఎప్పుడో వెళ్లిపోయింది. రైలు ఆలస్యమై మన ప్రయాణం చెడితే రైల్వే బాధ్యత వహిస్తుంది కానీ, విమానం ఆలస్యానికి రైల్వేకు సంబంధం లేదు. ఆ 56 యూరోలు పోయాయి. వెంటనే వెళ్లే బండికి ఫ్లెక్స్‌ప్రైస్ చూస్తే మనిషికి నూరు దాటింది. అబ్బాయికి ఫోను చేశాను. “కంగారు పడొద్దు నాన్నా, ఒక రెండు బండ్లు వదిలేసి ఆ తరువాత వెళ్లే వాటికి ధర చూడు, ఇదే రోజుకు కూడా ఒక్కోసారి తగ్గింపు టిక్కెట్లు మిగిలి ఉంటాయి” అన్నాడు. నిజంగానే రెండు గంటల తరువాతి బండికి మనిషికి 60 యూరోలకు దొరికాయి. మా ఆవిడ పెట్టె మీద కూర్చుని, ఇంట్లో నుంచి తెచ్చిన చక్కిలాల డబ్బా తెరిచింది. ప్లాట్‌ఫారం చలిలో ఆ రెండు గంటలూ నేను మనసులో లెక్క వేసుకుంటూనే ఉన్నాను.

ఆ తరువాత తెలిసింది, ఇలాంటి చోటుకే రైల్ అండ్ ఫ్లై అని ఒక రైలు టిక్కెట్టు ఉందని. జర్మనీకి వచ్చే చాలా విమాన సంస్థలు విమాన టిక్కెట్టుతో పాటే దాన్ని ఇస్తాయి. దానికి ఫలానా బండి అన్న కట్టుబాటు లేదు. విమానం దిగిన రోజూ, ఆ మరుసటి రోజూ కూడా చెల్లుతుంది. అయితే అది విమాన టిక్కెట్టు తీసేటప్పుడే అడిగి చేర్చుకోవలసింది. ఆ సంగతి నాకు ముందు తెలిసి ఉంటే ఆ పూట అలా గడిచేది కాదు. విమానం దిగి ఎక్కవలసిన రైలుకు మాత్రం కట్టుబాటు టిక్కెట్టు ఎంత చౌకగా వచ్చినా కొనవద్దని నన్ను అడిగిన ప్రతివారికీ చెబుతున్నాను.

మ్యూనిక్ నుంచి వెనిస్ ప్రయాణం నాకు అన్నిటికన్నా సంతృప్తినిచ్చిన లెక్క. మ్యూనిక్‌లో ఎక్కితే బండి ఇన్స్‌బ్రుక్ మీదుగా, బ్రెన్నర్ కనుమ దాటి, బొల్జానో మీదుగా ఐదున్నర గంటల్లో వెరోనా చేరుతుంది. మేము ఎంచుకున్న బండి అయితే అక్కడ మారి వెనిస్ వెళ్లాలి. మొత్తం ప్రయాణానికి ఒకే టిక్కెట్టు తీసుకోవచ్చు, లేదా రెండు ముక్కలుగా తీసుకోవచ్చు. ఒకే టిక్కెట్టుకు ఉన్న బలం ఏమిటంటే, మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే తరువాతి బండిలో గమ్యం చేర్చే బాధ్యత రైల్వేది. గమ్యానికి గంట ఆలస్యంగా చేరితే ఛార్జీలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం అడిగే హక్కు ఐరోపా సమాఖ్య చట్టంలోనే ఉంది. విడివిడిగా కొంటే మొదటి బండి ఆలస్యం మన ఖర్మ. ఆ లెక్కన ఒకే టిక్కెట్టే మంచిదనిపిస్తుంది. కానీ నేను చూసిన రోజుకు ఒకే టిక్కెట్టు ధర బాగా ఎక్కువగా ఉంది, ఎందుకంటే అందులో రెండో బండి వేగవంతమైన రైలు. ఇటలీలో ప్రాంతీయ రైళ్లు, అంటే మన ప్యాసింజర్ల వంటివి, ధర ఎన్నడూ మారనివి. నెల ముందు కొన్నా, స్టేషన్లో అప్పటికప్పుడు కొన్నా ఒకటే వెల, పైగా ఫలానా బండి అని కట్టుబాటు లేదు. కాబట్టి మ్యూనిక్ నుంచి వెరోనా దాకా తగ్గింపు టిక్కెట్టు ముందుగా తీసి, వెరోనా నుంచి వెనిస్‌కు ప్రాంతీయ రైలు టిక్కెట్టు అక్కడే కొన్నాం. మొదటి బండి ఎంత ఆలస్యమైనా రెండోది తప్పిపోయే ప్రసక్తే లేదు, తరువాతి బండి ఎక్కితే సరిపోతుంది. ముక్కలుగా కొనడం ఎక్కడ ప్రమాదమో, ఎక్కడ కాదో ఈ ఒక్క ప్రయాణంతో నాకు స్పష్టమైంది.

ఆ ప్రాంతీయ టిక్కెట్టుతో ఒక జాగ్రత్త ఉంది. కాగితపు టిక్కెట్టు కొన్నాక, బండి ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గర ఉన్న చిన్న యంత్రంలో దాన్ని దూర్చి తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే, టిక్కెట్టు కొన్నా కొననట్టే లెక్క కట్టి జరిమానా వేస్తారు. వెరోనాలో మేము హడావిడిగా మెట్లు ఎక్కుతుంటే మా ముందు వెళ్తున్న ఒక ముసలావిడ ఆగి, మా చేతిలోని కాగితాన్ని చూసి, మాట రాకపోయినా గోడ మీది యంత్రాన్ని వేలితో చూపించింది. టిక్కెట్టును ఎడమ అంచుకు నెట్టి లోపలికి పెడితే గరగరమని శబ్దం వచ్చి, అంచున చిన్న చుక్కల అక్షరాలతో తేదీ పడింది. ఫోనులో కొన్న టిక్కెట్టు అయితే యంత్రం పని ఉండదు కానీ, బండి ఎక్కేముందు అందులోనే చెక్-ఇన్ అని నొక్కాలి. ఫ్లారెన్స్ నుంచి పీసా వాలు గోపురం చూడటానికి వెళ్లినప్పుడు మేము అలాగే చేశాం.

వెనిస్, ఫ్లారెన్స్, రోము మధ్య నడిచే వేగవంతమైన బండ్ల సంగతి వేరు. అక్కడ ప్రభుత్వ సంస్థ త్రెనిటాలియాతో పాటు 2012 నుంచి ఇతాలో అనే ప్రైవేటు సంస్థ కూడా అదే పట్టాల మీద బండ్లు నడుపుతోంది. పోటీ ఉంది గనుక రెండు సైట్లూ పక్కపక్కన పెట్టి చూడటం లాభం. ఈ బండ్లలో సీటు టిక్కెట్టులోనే ఉంటుంది, విడిగా కట్టనక్కరలేదు. రెండు సంస్థల టిక్కెట్లూ కలిపి చూపించే మధ్యవర్తి సైటు ఒకటి నాకు మొదట ఎంతో సౌకర్యంగా అనిపించింది. చివరి పేజీలో సేవా రుసుము కలిసేసరికి, అదే సీటు రైల్వే సొంత సైటులో తక్కువకు ఉందని గమనించి వెనక్కి వచ్చేశాను.

మా సహోద్యోగి ఒకరు యూరైల్ పాసు తీసుకోమని గట్టిగా చెప్పారు. ఐరోపా దేశాల రైళ్లలో తిరగడానికి, ఐరోపా వెలుపల నివసించేవారి కోసం ఉన్న పాసు అది, 60 ఏళ్లు దాటినవారికి 10 శాతం తగ్గింపు కూడా ఉంది. ముందుగా ఏదీ నిశ్చయించుకోకుండా రోజుకో దేశం తిరిగేవారికి అది మంచిదే. మాకు మాత్రం ఇటలీలో వేగవంతమైన ప్రతి బండికీ పాసు ఉన్నా విడిగా రిజర్వేషను రుసుము కట్టవలసి రావడం వల్ల, మొత్తం కూడితే విడి టిక్కెట్లే చౌకగా తేలాయి.

మ్యూనిక్‌లో ఉన్న రోజుల్లో మాకు బాగా అక్కరకొచ్చింది, ఆ ఊరు ఉన్న బవేరియా రాష్ట్రపు ఒక రోజు టిక్కెట్టు. ఒక్క టిక్కెట్టు మీద ఐదుగురి దాకా వెళ్లవచ్చు, మనిషి పెరిగినకొద్దీ కొంచెం కొంచెం ధర పెరుగుతుంది. ఆ రాష్ట్రంలోని ప్రాంతీయ రైళ్లన్నిటిలో రోజంతా చెల్లుతుంది, సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ దాకా కూడా చెల్లుతుంది. వేగవంతమైన బండ్లు మాత్రం ఎక్కకూడదు. పనిదినాల్లో ఉదయం 9 గంటల తరువాతే మొదలవుతుంది, శని, ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే. టిక్కెట్టు మీద ప్రయాణికులందరి పేర్లూ ఉండాలి. మేము సాల్జ్‌బర్గ్ వెళ్లిన రోజు బుధవారం. తొమ్మిదికి ముందు బయలుదేరే బండి కళ్లెదుటే తలుపులు తెరుచుకుని ఉన్నా, దాన్ని వదిలేసి తరువాతి బండి కోసం కూర్చున్నాం. అబ్బాయి దగ్గర జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్లలోనూ, సిటీ బస్సుల్లోనూ చెల్లే నెలవారీ టిక్కెట్టు ఉంది, 2025లో దాని ధర 58 యూరోలు. మాకూ తీయించనా అని అడిగాడు. అది ప్రతి నెలా దానంతటదే కొనసాగే చందా, వద్దనుకుంటే నెలలో 10వ తేదీ లోపు రద్దు చేయాలి. ఆరు వారాల్లో పది రోజులు ఇటలీలోనే ఉంటాం గనుక వద్దన్నాను.

రోము నుంచి తిరుగు ప్రయాణం రాత్రి రైల్లో చేశాం. ఆస్ట్రియా రైల్వే నడిపే ఆ నైట్‌జెట్ బండ్లలో కూర్చునే సీటు, మడత పడక, ప్రత్యేక గది అని ప్రధానంగా మూడు స్థాయుల ధరలు ఉంటాయి. మడత పడకల గది మన స్లీపరు పెట్టెకు తలుపు పెట్టినట్టు ఉంటుంది, ఆరుగురికో, నలుగురికో పడకలు. పగటి బండి చౌక టిక్కెట్టు కన్నా ధర ఎక్కువే. అయితే ఒక రాత్రి హోటలు ఖర్చు మిగులుతుందని కూడా లెక్కలో వేసుకోవాలి. ఈ పడకలు తక్కువ గనుక త్వరగా అయిపోతాయి. అందుకే వీటిని నేను ముందుగానే కొన్నాను. మా ఆవిడకు కింది బెర్తు, నాకు మధ్య బెర్తు. దుప్పటి, దిండు వాళ్లే ఇచ్చారు, తెల్లవారాక టీ, రొట్టె తెచ్చి ఇచ్చారు. ప్రయాణం మొత్తంలో మా ఆవిడ “ఇప్పుడు రైలెక్కినట్టుంది” అన్నది ఆ రాత్రే.

మేము తిరిగి వచ్చాక, సెప్టెంబరులో కూతురి దగ్గరికి వెళ్లబోతున్న మా పాత ప్రధానోపాధ్యాయులు ఒక సాయంత్రం మా వరండాలో ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చున్నారు. విమానం టిక్కెట్లు అప్పటికి తీయలేదు. “సార్, ముందు విమానం వాళ్లు రైలు టిక్కెట్టు కలిపి ఇస్తారేమో అడుగుదాం” అని మొదలుపెట్టి, ఆయన పాస్‌పోర్టు తెప్పించి పేరు ఎలా ఉందో చూశాను. ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంది. విమాన సంస్థకు ఫోను చేసి, ఇంటిపేరు లేకపోతే రెండు టిక్కెట్ల మీదా పేరు ఎలా వేయాలో అడిగి, వాళ్లు చెప్పినట్టే రాయించాను. ఆ తరువాత ఆయన బ్యాంకు యాప్ తెరిపించి, కార్డుల విభాగంలో విదేశీ లావాదేవీల మీట నొక్కించాను. నా నోటుపుస్తకం ఆయన ముందు పెట్టాను. చెల్లింపు పేజీలో కార్డు అంకెలు ఒక్కొక్కటే పైకి చదువుతూ నొక్కారు. తెర మీద చక్రం కాసేపు తిరిగింది, ఆయన కళ్లజోడు తుడుచుకునే లోపలే ఓటీపీ వచ్చింది.